రెసిడెన్సీలో ఉండగా ఫుల్ లైసెన్స్: ఎప్పుడు అప్లై చేయాలి, ఎప్పుడు ఆగాలి

జులై దాటగానే ప్రతి ఏడాదీ నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. గాంధీలోనో, గుంటూరులోనో, కాకినాడ రంగరాయలోనో ఎంబీబీఎస్ చదివి అమెరికాలో రెసిడెన్సీలో, అంటే అక్కడి పీజీ ట్రైనింగ్‌లో, చేరిన మన పిల్లలు. "అన్నా, మా కో-రెసిడెంట్ ఫుల్ లైసెన్స్‌కి అప్లై చేశాడట, నేను వెనకపడ్డానా?" అని అడుగుతారు. నేను మొదట తిరిగి అడిగేది ఒక్కటే. ఆ లైసెన్స్‌తో నీకు మొట్టమొదటి పని ఏ తారీఖున, ఏ రాష్ట్రంలో పడుతుంది? చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. ఆ తారీఖు తెలిస్తే అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావచ్చు. అది తెలియకుండా పక్కవాడిని చూసి పరిగెత్తితే డబ్బులు పోతాయి, ఒక్కోసారి అప్లికేషనే లైసెన్స్ ఇచ్చే రాష్ట్ర మెడికల్ బోర్డు దగ్గర ఇరుక్కుంటుంది.

ఈ గందరగోళానికి మూలం మనం ఇండియా నుంచి తెచ్చుకున్న లెక్క అనుకుంటాను. అక్కడ హౌస్ సర్జన్సీకి ముందు ప్రొవిజనల్ రిజిస్ట్రేషన్, అది పూర్తవగానే మెడికల్ కౌన్సిల్‌లో పర్మనెంట్ రిజిస్ట్రేషన్. మరుసటి రోజు నేమ్ బోర్డు పెట్టుకుని క్లినిక్ తెరిచినా అడిగేవాడు లేడు. పీజీ చేసినా చేయకపోయినా మీరు రిజిస్టర్డ్ డాక్టరే. అమెరికాలో ఆ పర్మనెంట్ రిజిస్ట్రేషన్‌కి సమానమైన ఫుల్ లైసెన్స్ రెసిడెన్సీలో కొన్నేళ్లు గడిచాకే వస్తుంది. పైగా దాన్ని దేశం ఇవ్వదు, ఒక్కో రాష్ట్రం విడివిడిగా ఇస్తుంది. అప్పటిదాకా మీ దగ్గర ఉండేది ట్రైనింగ్ లైసెన్స్. దీని పేరు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్‌లో ఫిజీషియన్-ఇన్-ట్రైనింగ్ పర్మిట్ అంటారు, కాలిఫోర్నియాలో పోస్ట్‌గ్రాడ్యుయేట్ ట్రైనింగ్ లైసెన్స్ అంటారు, న్యూయార్క్‌లో అయితే గుర్తింపు ఉన్న ప్రోగ్రామ్‌లో ఉన్న రెసిడెంట్‌కి విడిగా లైసెన్సే అక్కర్లేదు. పేరు ఏదైనా ఈ అనుమతి మీ ప్రోగ్రామ్‌కి కట్టేసి ఉంటుంది. ప్రోగ్రామ్ గేటు దాటితే దానికి విలువ లేదు.

మన పిల్లలు తరచుగా కలిపేసే విషయాలు మూడు ఉన్నాయి. యూఎస్‌ఎంఎల్‌ఈ అనే అమెరికా లైసెన్స్ పరీక్షలో చివరిదైన స్టెప్ 3 పాసవడం, కాగితాలు పోగేయడం, లైసెన్స్‌కి అప్లై చేయడం. మూడింటి టైమింగ్ వేరు. స్టెప్ 3 ఎంత త్వరగా అయితే అంత మంచిది. కాగితాలు రెసిడెన్సీలో చేరిన రోజు నుంచే. లైసెన్స్ మాత్రం అవసరాన్ని బట్టి, అర్హత వచ్చాకే.

స్టెప్ 3 గురించి ముందు చెప్తాను. రెండు రోజుల పరీక్ష, అమెరికా గడ్డ మీదే రాయాలి, ఫీజు 900 డాలర్లకు పైనే. రెండో రోజు చివర్లో కంప్యూటర్ మీద పదమూడు కేసులు నడపాలి. దాన్ని పీజీవై-3, అంటే రెసిడెన్సీ మూడో ఏడాది, దాకా తోసేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. కష్టమని కాదు, కాలపరిమితి వల్ల. చాలా రాష్ట్రాలు మూడు స్టెప్‌లూ ఏడేళ్లలోపు పూర్తి కావాలని అడుగుతాయి, కొన్ని పదేళ్లు ఇస్తాయి, కొన్నింట్లో పరిమితి లేదు. ఒక ఉదాహరణ తీసుకోండి. ఫైనల్ ఇయర్లో ఉండగా 2018లో స్టెప్ 1 పాసైన అమ్మాయి, హౌస్ సర్జన్సీ, ఒకటి రెండు ఏళ్ల ప్రయత్నాలు, అబ్జర్వర్‌షిప్‌లు, మధ్యలో కోవిడ్, చివరికి 2022లో మ్యాచ్ అయింది, అంటే రెసిడెన్సీ సీటు వచ్చింది. ఆమె ఏడేళ్ల గడియారం 2025లో ఆగిపోతుంది. అంటే మూడేళ్ల ఇంటర్నల్ మెడిసిన్ పూర్తయ్యే ఏడాదే. స్టెప్ 3ని చివరి ఏడాదికి పెట్టుకుని ఒక్కసారి తప్పితే, ఆమెకు కొన్ని రాష్ట్రాల తలుపులు మూసుకుపోతాయి. రెసిడెన్సీలో ఎంత బాగా పనిచేసినా ఆ తలుపు తెరుచుకోదు. మ్యాచ్‌కి ముందు గ్యాప్ ఉన్న ప్రతి ఒక్కరూ స్టెప్ 1 పాసైన తారీఖు పక్కన ఏడు కలిపి ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోవాలని నేను చెప్తుంటాను.

ఎన్నిసార్లు రాశారన్నదీ లెక్కే. యూఎస్‌ఎంఎల్‌ఈ ఒక్కో స్టెప్‌కి మొత్తం నాలుగు అవకాశాలే ఇస్తుంది, కానీ మూడు దాటితే ఒప్పుకోని రాష్ట్రాలు ఉన్నాయి. కాబట్టి ప్రిపేర్ కాకుండా "ఒకసారి రాసి చూద్దాం" అనే ధోరణి స్టెప్ 3కి పనికిరాదు. నా అభిప్రాయంలో ఇంటర్న్ ఏడాది, అంటే రెసిడెన్సీ మొదటి ఏడాది, చివర్లో, కాస్త తేలికపాటి రొటేషన్ దొరికినప్పుడు రాసేయడం మేలు. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద రెసిడెన్సీలో చేరాలనుకునేవాళ్లకు ఈ ఎంపిక కూడా లేదు, వీసా పిటిషన్ వేయాలంటే స్టెప్ 3 ముందే చేతిలో ఉండాలి కాబట్టి వాళ్లు రెసిడెన్సీకి ముందే రాసేస్తారు. జే-1 అనే ఎక్స్ఛేంజ్ వీసా మీద వచ్చినవాళ్లకు ఈ వాయిదా వేసే సౌకర్యం ఉంది, అందుకే వాయిదా వేసేది ఎక్కువగా వాళ్లే.

ఇప్పుడు అసలు లైసెన్స్. మీ కో-రెసిడెంట్ ఎందుకు అప్పుడే అప్లై చేశాడు? చాలాసార్లు కారణం ఇది: అతను అమెరికాలో మెడికల్ స్కూల్ చదివాడు. న్యూయార్క్‌లో అతనికి ఒక ఏడాది ట్రైనింగ్ చాలు, బయటి దేశంలో చదివిన మనకు మూడేళ్లు కావాలి. కాలిఫోర్నియాలో వాళ్లకు 12 నెలలు, మనకు 24. టెక్సస్‌లో వాళ్లకు ఒక ఏడాది, మనకు రెండు. ఇల్లినాయిలో మాత్రం ఎక్కడ చదివినా రెండేళ్లే. ఒకే వార్డులో, ఒకే కాల్ రూమ్‌లో పక్కపక్కన పనిచేసే ఇద్దరికి ఇలా వేర్వేరు తారీఖులు ఉండటం న్యాయంగా అనిపించదు, నాకూ అనిపించలేదు. కానీ అతన్ని చూసి మీ తారీఖు నిర్ణయించుకోకూడదు. ఈ నిబంధనలు మారుతూనే ఉంటాయి కూడా. కాలిఫోర్నియా 2020లో అందరికీ 36 నెలలు అంది, 2022 నుంచి మళ్లీ 12, 24కి దిగింది. సీనియర్ చెప్పింది ఆయన కాలానికి నిజమే అయినా, ఈ రోజు బోర్డు వెబ్‌సైట్‌లో ఉన్నదే చెల్లుతుంది. నేను రాసింది కూడా ఒకసారి అక్కడ సరిచూసుకోండి.

కాలిఫోర్నియా గురించి ఇంకో మాట. అక్కడ లైసెన్స్ తీసుకోవడం మన ఇష్టం కాదు. బయట చదివినవాళ్లు 27 నెలలు దాటేలోపు ఫుల్ లైసెన్స్ తెచ్చుకోవాలి, లేకపోతే అక్కడి ట్రైనింగే ఆగిపోతుంది. అంటే స్టెప్ 3ని రెండో ఏడాది మధ్యకల్లా దాటేయాలి. ఇలా గడువు పెట్టిన రాష్ట్రంలో ఉంటే ఆలోచించేది ఏమీ లేదు, గడువుకు నాలుగైదు నెలల ముందు మొదలుపెట్టడమే. మీ ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌ని మొదటి నెలలోనే అడగండి, మన ట్రైనింగ్ లైసెన్స్ ఎన్నేళ్లు రెన్యూ అవుతుంది, రెసిడెన్సీ తర్వాత చేసే ఫెలోషిప్‌లో కూడా అదే నడుస్తుందా అని.

గడువు లేని రాష్ట్రంలో ఉన్నవాళ్లదే అసలు చిక్కు. వీళ్లలో జే-1 మీద ఉండి, రెసిడెన్సీ తర్వాత నేరుగా వెయివర్ ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు ఈ లెక్క అన్నిటికన్నా ముఖ్యం. జే-1 పూర్తయితే రెండేళ్లు ఇండియాకి వెళ్లి ఉండాలి, లేదా డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తానని ఒప్పుకుని వెయివర్ తెచ్చుకోవాలి. కాన్రాడ్ 30 అనే పథకం కింద ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 సీట్లు. చాలా రాష్ట్రాల్లో అక్టోబర్ 1న, అంటే ఫెడరల్ ఆర్థిక సంవత్సరం మొదటి రోజున, వరుస మొదలవుతుంది. రాష్ట్ర ఆరోగ్య శాఖ సిఫారసు, తర్వాత స్టేట్ డిపార్ట్‌మెంట్, తర్వాత ఇమిగ్రేషన్ శాఖ. ఇవన్నీ దాటాక హెచ్-1బి. ఆ హెచ్-1బి పిటిషన్‌తో పాటు, ఆ రాష్ట్రంలో వైద్యం చేయడానికి మీకు అనుమతి ఉందని చూపించాలి. ఇక్కడే లైసెన్స్ వచ్చి కూర్చుంటుంది.

వెనక్కి లెక్కపెడదాం. జూన్ 30న రెసిడెన్సీ అయిపోతుంది, ఆగస్టు 1న ఉద్యోగంలో చేరాలి. కొత్త ఆసుపత్రి క్రెడెన్షియలింగ్‌కి, అంటే మీ అర్హతలు సరిచూసుకోవడానికి, ఇన్సూరెన్స్ కంపెనీల్లో పేరు ఎక్కించడానికి రెండు నుంచి నాలుగు నెలలు పడుతుంది, అది లైసెన్స్ నంబర్ వచ్చాకే ఊపందుకుంటుంది. కాబట్టి ఏప్రిల్‌కి లైసెన్స్ కావాలి. హెచ్-1బి పిటిషన్ కూడా దాదాపు అప్పుడే వేయాలి, అదీ ఏప్రిలే. బోర్డు అప్లికేషన్ చూసి నిర్ణయం తీసుకోవడానికి రెండు నెలలు పట్టే రాష్ట్రాలున్నాయి, అయిదారు నెలలు పట్టేవీ ఉన్నాయి. సగటున నాలుగు వేసుకుంటే నవంబర్ చివర లేదా డిసెంబర్‌లో అప్లికేషన్ పడాలి. అది పడాలంటే ఇండియా నుంచి రావాల్సిన కాగితాలు సెప్టెంబర్‌లో కదలాలి. ఉద్యోగం ఏ రాష్ట్రంలోనో అక్టోబర్‌కి తెలియాలి. అంటే మూడో ఏడాది మొదలైన మూడు నెలలకే సగం పరుగు అయిపోయి ఉండాలి. ఎవరైనా ఫిబ్రవరిలో ఫోన్ చేసి "ఇప్పుడు మొదలుపెట్టనా అన్నా" అంటే నా గుండె కాసేపు ఆగినట్టు ఉంటుంది.

ఇందులో ఇంకో ముడి ఉంది. మీరు వెళ్లే రాష్ట్రం బయట చదివినవాళ్లకు పూర్తి మూడేళ్లు అడిగితే, ఏప్రిల్‌లో మీ దగ్గర ఉండేది రెండేళ్ల తొమ్మిది నెలలే. లైసెన్స్ చేతికొచ్చేది జూన్ 30 తర్వాత. మరోపక్క వెయివర్ వచ్చిన 90 రోజుల్లో పనిలో చేరతానని ఒప్పుకుని ఉంటారు. ఇది కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టకముందే చూసుకోవాల్సిన విషయం. జీతం, ఊరు, పిల్లల స్కూలు అన్నీ చూస్తారు, ఆ రాష్ట్రం ఎన్ని నెలల ట్రైనింగ్ అడుగుతుందో చూడరు. రెండేళ్లు చాలనే రాష్ట్రమైతే ఊపిరి ఆడుతుంది. మూడేళ్లు కావాలనే రాష్ట్రమైతే, ట్రైనింగ్ పూర్తవకముందే అప్లికేషన్ తీసుకుని మిగతావన్నీ సరిచూసి పెడతారా అని బోర్డుని, ఆ స్థితిలో పిటిషన్ ఎప్పుడు వేయాలని ఉద్యోగమిచ్చేవాళ్ల లాయర్‌ని రాతపూర్వకంగా అడగండి.

ఫెలోషిప్‌కి వెళ్లేవాళ్లకు ఇంత ఒత్తిడి ఉండదు. కొత్త రాష్ట్రం ఫెలోకి ట్రైనింగ్ లైసెన్స్ ఇస్తే, రెసిడెన్సీ చేసిన రాష్ట్రంలో ఫుల్ లైసెన్స్ తీసుకోవడం దాదాపు దండగే.

మూన్‌లైటింగ్, అంటే రెసిడెన్సీ పని కాక విడిగా డబ్బుకి షిఫ్టులు చేయడం, దాని కోసం లైసెన్స్ తీసుకుందామనుకునేవాళ్లు చాలామంది. నెలాఖరుకి జేబు ఖాళీ అయ్యే రెసిడెంట్‌కి వారాంతంలో రెండు షిఫ్టులు అంటే ఆశ పుట్టడం సహజం, ఇండియాలో అప్పులు తీర్చాల్సినవాళ్లకు మరీనూ. కానీ జే-1 మీద ఉంటే మూన్‌లైటింగ్ అసలు కుదరదు. హెచ్-1బి మీద ఉంటే పిటిషన్ వేసిన సంస్థ దగ్గరే పని, బయటి ఆసుపత్రికి వెళ్లాలంటే ఆ ఆసుపత్రి విడిగా పిటిషన్ వేయాలి. మిగిలింది గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్లు, ఇక్కడే పుట్టి పెరిగి ఇండియాలోనో కరీబియన్‌లోనో చదివొచ్చిన మన పిల్లలు. వాళ్లకైనా ఇంటర్న్ ఏడాదిలో అనుమతి లేదు, తర్వాత చేసిన గంటలన్నీ వారానికి 80 గంటల పరిమితిలోకే వస్తాయి. వైద్యంలో తప్పు జరిగిందని కేసు పడితే ఆదుకునే మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ రెసిడెన్సీ ఇస్తుంది కానీ, అది బయటి షిఫ్టులకు సాధారణంగా వర్తించదు. ఇవన్నీ కుదిరి, ప్రోగ్రామ్ డైరెక్టర్ రాసి ఇచ్చి, కనీసం ఏడాది పాటు షిఫ్టులు దొరుకుతాయని తెలిస్తే అప్పుడు లైసెన్స్ తీసుకోవడం లాభమే. లేకపోతే లైసెన్స్ ఫీజు, వేలిముద్రలు, కాగితాల పరిశీలన, ఆపైన మత్తు కలిగించే లాంటి నియంత్రిత మందులు రాయడానికి కావలసిన డీఈఏ నంబర్‌కి మూడేళ్లకు 888 డాలర్లు, అన్నీ కలిపితే మొదటి కొన్ని షిఫ్టుల సంపాదన వాటికే పోతుంది.

ముందుగా తీసుకుంటే నష్టమేంటి అని అడుగుతారు. డబ్బు ఒకటి. రెండోది, ఒక రాష్ట్రంలో లైసెన్స్ తీసుకున్నాక జీవితాంతం ప్రతి కొత్త అప్లికేషన్‌లో దాని గురించి చెప్పాలి, ఆ బోర్డు నుంచి వెరిఫికేషన్ తెప్పించాలి, మీరు దాన్ని వాడకుండా వదిలేసి పదేళ్లయినా సరే. మూడోది నాకు అన్నిటికన్నా భయం. అర్హత రాకముందే అప్లై చేస్తే, బోర్డు కాదన్నా, మీరే వెనక్కి తీసుకున్నా, ఆ తర్వాత చాలా ఫారాల్లో "మీ అప్లికేషన్ ఎప్పుడైనా తిరస్కరణకు గురైందా, ఉపసంహరించుకున్నారా" అనే ప్రశ్న వస్తుంది. తొందరపాటుతో చేసిన చిన్న పనికి ఇరవై ఏళ్లు సంజాయిషీ రాయాలి. నెలలు లెక్కపెట్టుకుని, బోర్డుకి ఒక ఈమెయిల్ పెట్టి, అప్పుడు డబ్బు కట్టండి.

కాగితాల సంగతికి వస్తాను. ఇది మన తెలుగువాళ్లకు ప్రత్యేకమైన తలనొప్పి, దీని గురించి ఇక్కడివాళ్లు రాసిన గైడ్లలో ఉండదు. మొదటిది పేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, డిగ్రీలో అది ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో సర్‌నేమ్‌గా చివర్న, పెళ్లయిన అమ్మాయిలకైతే ఇంకో పేరు. నా డిగ్రీ మీద ఇంటిపేరు స్థానంలో పొడి అక్షరం మాత్రమే ఉంది. రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ పంపేదాకా నా ఫైలు అయిదు వారాలు కదల్లేదు. తప్పు ఎవరిదీ కాదు, మన పేర్లు రాసుకునే పద్ధతి అటువైపు కూర్చున్న ఉద్యోగికి తెలియదు, అంతే. మీ కాగితాలన్నీ ఈ వారాంతం టేబుల్ మీద పరిచి పేరు ఎలా ఉందో చూడండి. తేడా ఉంటే అఫిడవిట్ ఇప్పుడే చేయించి స్కాన్ చేసి పెట్టుకోండి.

రెండోది యూనివర్సిటీ పేరు. 1986లో మొదలైన విజయవాడ హెల్త్ యూనివర్సిటీ ఎన్టీఆర్ పేరుతో ఉండేది, 2022లో వైఎస్ఆర్ పేరు పెట్టారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ అయింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కాలేజీలకు వరంగల్‌లో కాళోజీ యూనివర్సిటీ వచ్చింది, కానీ అంతకు ముందు ఉస్మానియా మెడికల్ కాలేజీలోనో కాకతీయ మెడికల్ కాలేజీలోనో చదివినవాళ్ల డిగ్రీ మీద ఉండేది విజయవాడ పేరే. తెలంగాణలో కాలేజీ, ఆంధ్రలో యూనివర్సిటీ, పైగా ఫారంలో ఒక పేరు, సీలు మీద ఇంకో పేరు. బోర్డు వాళ్లకు ఇది అనుమానంగా కనిపించడంలో వింత లేదు. ఒక చిన్న వివరణ ఉత్తరం ముందే జతచేస్తే సగం గొడవ తప్పుతుంది. హౌస్ సర్జన్సీ సర్టిఫికెట్, కాన్వొకేషన్ డిగ్రీ, మార్కుల మెమోలు, మన మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కాగితం, ఇవన్నీ ఊరెళ్లినప్పుడే తెచ్చుకోండి. అక్కడి రిజిస్ట్రేషన్‌కి, మీ మీద ఏ చర్యా లేదని చెప్పే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ అడిగే బోర్డులూ ఉన్నాయి. నాన్నగారు ఎండలో బస్సెక్కి మన కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే పరిస్థితి తేకండి.

ఈ పరిశీలన ప్రతి రాష్ట్రానికీ మళ్లీ మళ్లీ జరగకుండా ఎఫ్‌సీవీఎస్ అనే సేవ ఉంది, రాష్ట్ర బోర్డుల సమాఖ్య నడుపుతుంది. డిగ్రీ, స్కోర్లు, ట్రైనింగ్ ఒకసారి సరిచూసి శాశ్వతంగా దాచిపెడుతుంది, తర్వాత అడిగిన బోర్డుకి పంపుతుంది. లైసెన్స్‌కి ఏడాది టైమున్నా సరే, దీన్ని మాత్రం రెండో ఏడాదిలోనే తెరవమంటాను. మొదటిసారే కాస్త ఆలస్యం. 2019లో ఫిలడెల్ఫియాలో హానెమన్ ఆసుపత్రి మూతపడినప్పుడు 550 మందికి పైగా రెసిడెంట్లు, ఫెలోలు రాత్రికి రాత్రి వేరే ప్రోగ్రామ్‌లు వెతుక్కోవాల్సి వచ్చింది. ఆసుపత్రే లేకుండా పోయినప్పుడు మీరు అక్కడ ట్రైనింగ్ చేశారని ఎవరు సంతకం పెడతారు? ప్రతి జూన్‌లో ఆ ఏడాది పూర్తయినట్టు ఒక లెటర్ తీసుకుని ఇంట్లో పెట్టుకోండి.

చాలా రాష్ట్రాలకు ఒకేసారి దారి చూపే ఇంటర్‌స్టేట్ కాంపాక్ట్ గురించి కూడా అడుగుతారు. నలభైకి పైగా రాష్ట్రాలు అందులో ఉన్న మాట నిజమే, కానీ రెసిడెన్సీ పూర్తై, తమ స్పెషాలిటీ పరీక్ష పాసై బోర్డ్ సర్టిఫికేషన్ వచ్చి, ఒక రాష్ట్రంలో ఫుల్ లైసెన్స్ ఉన్నవాళ్లకే అది. ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లు దాన్ని మరిచిపోవచ్చు.

చివరగా అప్లికేషన్‌లోని ప్రశ్నలు. పనితీరు బాగాలేదని ప్రొబేషన్ పెట్టారా, సెలవు మీద వెళ్లారా, ట్రైనింగ్ మధ్యలో ఆగిందా అని అడుగుతారు. ప్రసవానికి తీసుకున్న సెలవైనా, వెనకపడితే పెట్టే అదనపు ట్రైనింగ్ (రెమెడియేషన్) అయినా ఉన్నది ఉన్నట్టు రాయాలి. బోర్డు ప్రోగ్రామ్ డైరెక్టర్‌ని విడిగా అడుగుతుంది, ఆయన రాసింది, మీరు రాసింది సరిపోలకపోతే అసలు విషయం కన్నా దాచడమే పెద్ద నేరమవుతుంది. అప్లై చేసే ముందు మీ ఫైలులో ఏముందో ఆయన్నే అడగండి.

మానసిక ఆరోగ్యం ప్రశ్న దగ్గర మన పిల్లలు చాలా భయపడతారు. ఒకప్పుడు చాలా బోర్డులు ఎప్పుడైనా డిప్రెషన్‌కి చికిత్స తీసుకున్నారా అని సూటిగా అడిగేవి. 2020లో న్యూయార్క్ ఎమర్జెన్సీ డాక్టర్ లోర్నా బ్రీన్ ఆత్మహత్య చేసుకున్నాక, ఆమె కుటుంబం పెట్టిన ఫౌండేషన్ ఈ ప్రశ్నల మీద పోరాడింది. ఎన్నో రాష్ట్రాలు వాటిని తీసేశాయి, లేదా ప్రస్తుతం మీ పనికి అడ్డొచ్చే సమస్య ఏదైనా ఉందా అన్న వరకే కుదించాయి. కిందటి చలికాలం ఒక తమ్ముడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. నాలుగు నెలలుగా నిద్ర లేదట, డాక్టర్ దగ్గరికి వెళ్తే లైసెన్స్ రాదేమోనని వెళ్లలేదట. ఇద్దరం ఫోన్‌లోనే అతను వెళ్లబోయే రాష్ట్రం అప్లికేషన్ ఫారం తెరిచి ఆ ప్రశ్న అక్షరం అక్షరం చదివాం. అతను భయపడిన మాట అందులో లేదు. మరుసటి వారం అపాయింట్‌మెంట్ తీసుకున్నానని మెసేజ్ పెట్టాడు.